మా ఇంట్లో ఏ సంస్థ ఉందండీ?

ప్రశ్న: నమస్కారమండీ. రిటైరైన టీచర్ని. కింది గదిలో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో (విండోస్ 10) మా కుటుంబం ఫోటోలన్నీ స్కాన్ చేసి దాచాను. ఆ ఫోల్డర్‌ను షేర్ చేసి పాత ల్యాప్‌టాప్‌లో చూసుకునేదాన్ని. కొత్త ల్యాప్‌టాప్ (విండోస్ 11 ప్రో) వచ్చాక తంటా మొదలైంది. కింద కూర్చుంటే నెట్‌వర్క్‌లో డెస్క్‌టాప్ పేరు కనబడుతుంది. నొక్కితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. డెస్క్‌టాప్ తెరవడానికి రోజూ కొట్టే పిన్ ఇస్తే తప్పంటుంది. మా మేనల్లుడు వచ్చి పాస్‌వర్డ్ అడగకుండా ఏదో ఆపేశాడు. అప్పట్నుంచి మీ సంస్థ భద్రతా నియమాల ప్రకారం గెస్ట్‌గా వెళ్లడానికి వీల్లేదు అని ఇంగ్లిష్‌లో వస్తోంది. మా ఇంట్లో ఏ సంస్థ ఉందండీ? మేడమీదకు వెళ్తే డెస్క్‌టాప్ పేరే మాయం. పేరు టైప్ చేసి చూస్తే 0ఎక్స్80070035 అంటుంది. ఎస్ఎంబీ 1 ఆన్ చేసి, ఫైర్‌వాల్ తీసేస్తే అన్నీ కుదురుకుంటాయని మేనల్లుడు అంటున్నాడు. చేయమంటారా?

జవాబు: వద్దు టీచరు గారూ, ఆ రెండూ వద్దు. మీ మేనల్లుడి మీద నాకేమీ కోపం లేదు. ఎస్ఎంబీ 1 అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి. దాన్ని ఆన్ చేయమనడం కొన్నేళ్ల కిందటైతే చాలామంది చెప్పిన సలహాయే. ఇప్పుడెందుకు వద్దంటున్నానో ముందుముందు వస్తుంది.

తెరమీద వచ్చిన మాటను, నంబరుతో సహా ఎత్తి రాశారు చూడండి, అది నాకు బాగా నచ్చింది. నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు "ఏదో ఎర్రర్ వస్తోందండీ" దగ్గరే ఆగిపోతాయి. ఏదో ఎర్రర్‌కు ఏదో మందు చెప్పడం తప్ప అప్పుడు నేను చేయగలిగింది ఉండదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ ఇంట్లో తంటాలు రెండున్నాయి. కింద కూర్చున్నప్పుడు వచ్చేది ఒకటి, మేడమీద వచ్చేది ఇంకొకటి. కింది తంటాకు మందు వేసి మేడమీద పరీక్షిస్తే ఏ మందూ పనిచేయనట్టే కనబడుతుంది. అందుకే ముందు ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగండి. కింద పని పూర్తయ్యేదాకా మేడ సంగతి పక్కనపెడదాం.

కింద డెస్క్‌టాప్ పేరు కనబడుతోంది, నొక్కితే యూజర్ నేమ్ అడుగుతోంది. అంటే కేబుల్ బాగానే ఉంది, రౌటర్ బాగానే ఉంది, నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటికి కాపలా కాసే ఫైర్‌వాల్ కూడా దారి ఇస్తోంది. ఫైర్‌వాల్ అడ్డుపడి ఉంటే వ్యవహారం ఆ ప్రశ్న దాకా వచ్చేదే కాదు. మీరు గుమ్మం దాకా వెళ్లి తలుపు కొట్టారు, లోపల్నుంచి "ఎవరు?" అని అడిగారు. మీరు చెప్పిన జవాబు వాళ్లకు సరిపోలేదు. దానికి ప్రహరీ గోడ కూల్చడం దేనికి?

పిన్ సంగతి చూద్దాం. పిన్ అనేది ఆ ఒక్క కంప్యూటర్‌కే చెందింది. దాని ముందు కూర్చుని, దాని కీబోర్డు మీద కొట్టినప్పుడే చెల్లుతుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్ల దగ్గర విండోస్ పిన్ తీసుకోదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే కావాలి. రోజూ పిన్ కొట్టి కొట్టి అసలు పాస్‌వర్డ్ ఏమిటో మరిచిపోయినవాళ్లు లోకం నిండా ఉన్నారు, మీరేమీ చిన్నబుచ్చుకోకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. యూజర్ నేమ్ అడిగినచోట తెరమీద కనబడే మన పేరు రాస్తే కుదరదు, ఆ అకౌంట్ ఈమెయిల్ రాయాలి. అసలు పాస్‌వర్డే పెట్టుకోనివాళ్ల అవస్థ మరీ విడ్డూరం. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌తో కంప్యూటర్ ముందు కూర్చుని లోపలికి వెళ్లొచ్చు గానీ, నెట్‌వర్క్ మీదుగా రానివ్వకూడదని విండోస్‌లో ముందే నియమం రాసిపెట్టి ఉంటుంది. "మా కంప్యూటర్‌కు పాస్‌వర్డే లేదు, మరి తప్పు పాస్‌వర్డ్ అని ఎలా అంటుంది?" అని గింజుకునేవాళ్లకు జవాబు అదే.

ఇక మీరడిగిన సంస్థ. మేనల్లుడు ఆపేసింది పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ అనే సెట్టింగ్ అయి ఉంటుంది. దాన్ని ఆపితే డెస్క్‌టాప్ తనకు తెలియనివాళ్లను కూడా గెస్ట్ కింద లోపలికి రమ్మంటుంది. పాత ల్యాప్‌టాప్ అయితే సరేనని వెళ్లిపోయేది. మీ కొత్తది వెళ్లనంటోంది. ఇక్కడ మొరాయిస్తున్నది డెస్క్‌టాప్ అనుకుని చాలామంది దాని సెట్టింగులన్నీ కెలుకుతారు. నిజానికి అడ్డం తిరిగింది మీ చేతిలో ఉన్న ల్యాప్‌టాపే. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రో గెస్ట్‌గా వెళ్లడానికి ఒప్పుకోదు. పెద్ద ఆఫీసులు వాడే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఈ కట్టడి 2017 నుంచే ఉంది. ఆ నియమాన్ని ప్రోలోకి కూడా తెచ్చారు గానీ, సందేశంలో మాట మాత్రం మార్చలేదు. అందుకే ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్ కూడా "మీ సంస్థ" అని గంభీరంగా మాట్లాడుతుంది. మీ ఇంట్లో ఏ సంస్థా దూరలేదు, నిశ్చింతగా ఉండండి.

ఇది వట్టి చాదస్తమని తీసిపారేయకండి. ఇప్పటి పద్ధతిలో ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు పంపే ప్రతి ముక్కకూ ఒక డిజిటల్ సంతకం తగిలిస్తారు. దారిలో ఎవరైనా దాన్ని మారిస్తే సంతకం కుదరదు, అవతలి కంప్యూటర్ తిప్పికొడుతుంది. ఆ సంతకానికి కావాల్సిన తాళం పాస్‌వర్డ్ ఆధారంగానే తయారవుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డ్ లేదు కాబట్టి సంతకమూ లేదు. అటువైపు ఉన్నది నిజంగా మీ డెస్క్‌టాపేనా, దాని పేరు తగిలించుకుని కూర్చున్న ఇంకేదైనానా అని తేల్చుకోవడానికి ల్యాప్‌టాప్‌కు ఏ ఆధారమూ మిగలదు. విండోస్ తన సెట్టింగులు రాసిపెట్టుకునే రిజిస్ట్రీలో ఫలానా చోట అంకె మారిస్తే ఈ కట్టడి పోతుందని చిట్కాలు తిరుగుతుంటాయి. నిజమే, పోతుంది. కానీ రేపు మీరు ఆ ల్యాప్‌టాప్‌ను ఎక్కడికో తీసుకెళ్లి ఎవరిదో వైఫైకి కలిపినప్పుడు కూడా ఆ కట్టడి పోయే ఉంటుంది. మరీ పాత పరికరం దేనితోనో పని పడితే తప్ప నేనైతే దాని జోలికి వెళ్లను. మీకు ఆ అవసరం లేదు.

మీరు చేయాల్సింది డెస్క్‌టాప్‌లో ఈ ఫోటోల కోసమే వేరుగా ఒక అకౌంట్ తెరవడం.

డెస్క్‌టాప్ ముందు కూర్చోండి. మొదట మేనల్లుడు మార్చినదాన్ని ఎప్పటిలా పెట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిస్తే ఎడమవైపు చేంజ్ అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో అట్టడుగున ఆల్ నెట్‌వర్క్స్ కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌ను మళ్లీ ఆన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి, ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్‌లో ఇంకొకరిని చేర్చే బటన్ నొక్కండి. వెంటనే ఈమెయిల్ అడుగుతుంది. ఇవ్వకండి. ఆ మనిషి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే అర్థంతో కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది, దాన్ని నొక్కండి. ఆ తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండానే యూజర్‌ను చేర్చమనే లైన్ ఇంకొకటి ఉంటుంది. ఇవి కావాలనే దాచిపెట్టినట్టుంటాయి, కాస్త ఓపిగ్గా వెతకండి. యూజర్ పేరు ఫోటో అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. పాస్‌వర్డ్ కాస్త పొడవుగా పెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. ఈ అకౌంట్‌తో మీరు డెస్క్‌టాప్‌లోకి ఎన్నడూ లాగిన్ కానక్కర్లేదు. నెట్‌వర్క్ మీదుగా వచ్చినప్పుడు చూపించే గుర్తింపు కార్డు అది, అంతకుమించి దానికి పనిలేదు. మీ సొంత అకౌంట్, దాని పిన్ ఎప్పట్లానే ఉంటాయి.

ఫోటోల ఫోల్డర్ ఇప్పుడు పిక్చర్స్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో ఉందా? అయితే వీలుంటే డి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. యూజర్ ప్రొఫైల్ లోపలున్న ఫోల్డర్‌ను షేర్ చేస్తే విండోస్ దాన్ని యూజర్స్ అనే పెద్ద ఫోల్డర్ పేరుమీదుగా బయటికి చూపిస్తుంది, వెతుక్కోవడం చిరాకు. తర్వాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. అక్కడ రెండు బటన్లుంటాయి. ఒకటి షేర్, ఇంకొకటి అడ్వాన్స్‌డ్ షేరింగ్. అడ్వాన్స్‌డ్ అన్నది ఏదో గొప్పదనుకుని చాలామంది అందులోకి దూరతారు. మీరు మామూలు షేర్ బటనే నొక్కండి.

దీనికో కారణం ఉంది, ఇళ్లల్లో షేరింగ్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నెట్‌వర్క్ మీదుగా వచ్చే మనిషి ఒక ఫైలు చూడాలంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి షేర్‌కు సంబంధించింది, అంటే ఈ దారిలో ఎవరు రావచ్చు అనేది. రెండోది డిస్క్ మీద ఆ ఫోల్డర్‌కే ఉండేది, సెక్యూరిటీ ట్యాబ్‌లో కనబడుతుంది. ఒకటి సరేనన్నా రెండోది కాదంటే కాదనే లెక్క. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో మార్చేది మొదటిదాన్ని ఒక్కదాన్నే. అందుకే అక్కడ ఎవ్రీవన్ అని పెట్టి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి కూడా "యాక్సెస్ డినైడ్" అనిపించుకుని తలపట్టుకుంటారు. మామూలు షేర్ బటన్ రెండింటినీ కలిపి సరిచేస్తుంది.

అది నొక్కాక ఖాళీ పెట్టెలో ఫోటో అని యూజర్ పేరు టైప్ చేసి, యాడ్ నొక్కి, పక్కన అనుమతి దగ్గర రీడ్ అనే ఉంచండి. రీడ్ అండ్ రైట్ ఇవ్వకండి. నెట్‌వర్క్ మీదుగా తెరిచిన ఫోల్డర్‌లో ఒక ఫైలు డిలీట్ చేస్తే అది ల్యాప్‌టాప్ రీసైకిల్ బిన్‌లోకీ పోదు, డెస్క్‌టాప్ రీసైకిల్ బిన్‌లోకీ పోదు. నేరుగా పోతుంది. స్కాన్ చేసిన కుటుంబ ఫోటోల విషయంలో వేలు జారడానికి అవకాశమే ఇవ్వకూడదు. కొత్తవి చేర్చాలంటే డెస్క్‌టాప్ దగ్గరే చేర్చుకోండి, స్కానర్ ఎలాగూ అక్కడే ఉండి ఉంటుంది.

ఇందాక కాపీ చేయమన్నాను గానీ కట్ చేసి పేస్ట్ చేయమనలేదు, గమనించారా? ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోంచి ఇంకోదాంట్లోకి ఫైళ్లను కట్ పేస్ట్‌తో జరిపితే అవి పాత అనుమతులను వెంటబెట్టుకుని వస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు వస్తాయి. షేర్ చేసిన ఒకే ఫోల్డర్‌లో సగం ఫోటోలు తెరుచుకుని సగం తెరుచుకోవడం లేదంటూ కొందరు రాస్తుంటారు. కారణం తరచూ ఇదే.

ఇక ల్యాప్‌టాప్ వైపు. ఇదివరకు మీరు కొట్టిన పిన్నులూ పాస్‌వర్డులూ అది దాచిపెట్టుకుని ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో మీ డెస్క్‌టాప్ పేరుతో ఏమైనా ఉంటే తీసేసి, ల్యాప్‌టాప్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ అంటే మొక్కుబడి సలహా అనుకోకండి. ఒక కంప్యూటర్ ఇంకోదానితో ఒకే సమయంలో రెండు వేర్వేరు పేర్లతో మాట్లాడటానికి విండోస్ ఒప్పుకోదు. పాత పేరుతో మొదలైన సంబంధం తెగకుండా కొత్త పేరు ఇస్తే 1219 అనే ఎర్రర్ వస్తుంది. రీస్టార్ట్ చేస్తే పాతది తెగిపోతుంది.

ఆ తర్వాత డెస్క్‌టాప్ పేరు మీద నొక్కండి. యూజర్ నేమ్ దగ్గర డెస్క్‌టాప్ పేరు, ఒక వెనక్కి వాలిన గీత, ఆపైన ఫోటో. గీతకు ముందు డెస్క్‌టాప్ పేరు ఎందుకంటే, ఈ ఫోటో అనే మనిషి ఏ కంప్యూటర్ తాలూకో చెప్పాలి కదా. లేకపోతే ల్యాప్‌టాప్ తన దగ్గరున్న అకౌంట్ల గురించి అనుకోవచ్చు. పాస్‌వర్డ్ కొట్టి, గుర్తుపెట్టుకో అనే గడిలో టిక్ పెట్టండి. ఫోటోలు రావాలి. కింది తంటా అక్కడితో సరి.

ఇప్పుడు మేడ ఎక్కుదాం.

0ఎక్స్80070035 అంటే ఆ పేరుతో దారి దొరకలేదని. చివర ఉన్న 35ను మామూలు లెక్కలోకి మారిస్తే 53. పాతకాలం వాళ్లకు తెలిసిన ఎర్రర్ 53 ఇదే, కొత్త చొక్కా తొడుక్కుంది. ఇది పాస్‌వర్డ్‌కు సంబంధించింది కాదు, తలుపు దాకా చేరనేలేదు. అదే ల్యాప్‌టాప్, అదే డెస్క్‌టాప్, కింద కనబడి మేడమీద మాయమైందంటే మధ్యలో మారింది ఒక్కటే: మీరు పట్టుకున్న వైఫై. మేడమీద సిగ్నల్ అందడం లేదని ఇంకో రౌటర్ పెట్టించారా? మీరు రాయలేదు గానీ, పెట్టించారనే నా అనుమానం.

తేల్చుకోవడం తేలిక. మేడమీద ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కి, సీఎండీ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేయండి. నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లోనే, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అనేదాని ఎదురుగా నాలుగు అంకెల గుంపులుంటాయి, రాసుకోండి. కింద డెస్క్‌టాప్‌లో కూడా అదే చేయండి. రెండింటిలో మొదటి మూడు గుంపులు ఒకటే అయితే సాధారణంగా రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. డెస్క్‌టాప్‌ది 192.168.1.10 లాగా ఉండి, మేడమీద ల్యాప్‌టాప్‌ది 192.168.0.5 లాగా ఉంటే నా అనుమానం నిజమే. (ఎక్కడైనా 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే అది వేరే కథ. ఆ కంప్యూటర్‌కు రౌటర్ నుంచి నంబరే రాలేదు. ముందు కేబుల్, వైఫై చూసుకోవాలి.)

రెండో రౌటర్‌ను కొన్నప్పుడు ఉన్నట్టే తగిలిస్తే అది సొంత కాపురం పెట్టేస్తుంది. తన కిందున్న పరికరాలన్నింటికీ వేరే వరస నంబర్లు ఇచ్చి, వాటన్నింటి తరఫునా తానొక్కటే కింది రౌటర్‌తో మాట్లాడుతుంది. ఇంటర్నెట్ మామూలుగానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. కానీ కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునేటప్పుడు ఫలానా ఎవరు అని గట్టిగా కేకేస్తాయి. ఆ కేక తమ నెట్‌వర్క్ గోడ దాటి వినబడదు. మేడమీద కేకేస్తే మేడమీది పరికరాలకే వినబడుతుంది, కిందున్న డెస్క్‌టాప్‌కు వినబడదు. పేరు మాయమైంది అందుకే.

తమాషా ఏమిటంటే, పేరు కుదరకపోయినా నంబరుతో వెళ్లొచ్చు. మేడమీద రౌటర్ కింది రౌటర్‌కు తగిలించి ఉన్నప్పుడు, పైనుంచి కిందికి దారి ఉంటుంది, కిందినుంచి పైకి ఉండదు. మీ ఫోటోలు కిందున్నాయి కాబట్టి మీకిది కలిసొచ్చింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు, ఆ వెంటనే డెస్క్‌టాప్ నంబరు, ఇదిగో ఇలా: \\192.168.1.10. ఎంటర్ కొట్టి, ఫోటో పేరు, పాస్‌వర్డ్ మళ్లీ ఒకసారి ఇవ్వండి. చాలా ఇళ్లల్లో ఇంతటితో పని జరిగిపోతుంది. రెండు రౌటర్లూ ఒకే వరస నంబర్లు ఇస్తుంటే మాత్రం ఇది పారదు.

శాశ్వతంగా బాగుచేయాలంటే మేడమీద రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అందులోకి మార్చాలి. అప్పుడది నంబర్లు పంచే పెత్తనం వదిలేసి, వైఫైని మేడమీదకు అందించే పని ఒక్కటే చేస్తుంది. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది, పేరు కూడా కనబడుతుంది. ఈ పని మేనల్లుడికి అప్పజెప్పండి, అతనికున్న ఉత్సాహానికి తగ్గ పని. మార్చేముందు పాత సెట్టింగ్స్‌ను ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకోమనండి. ఒకవేళ మేడమీద రెండో రౌటర్ లేదంటే, ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైకి కలిసిందేమో చూడండి. గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ తప్ప ఇంట్లోని కంప్యూటర్లు కనబడకుండా చేయడమే దాని ఉద్దేశం.

ఎస్ఎంబీ 1 సలహాకు వద్దాం. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాష పేరు ఎస్ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది. దాని మొదటి రూపమే ఎస్ఎంబీ 1. ఆ రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక పెట్టుకుని, గెలిచినదాని చేతికి అందరి పేర్ల జాబితా అప్పగించేవి. హాస్యానికి చెప్పడం లేదు, ఆ ప్రక్రియను ఎన్నిక అనే పిలిచేవారు. నెట్‌వర్క్ కిటికీలో పేర్లు కనబడింది ఆ జాబితా పుణ్యమే. 2017 మార్చిలో ఎస్ఎంబీ 1లో ఉన్న ఒక పెద్ద లోపానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. అది వేసుకోని కంప్యూటర్ల మీద ఆ మేలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం పడింది. ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకి ఫైళ్లకు తాళాలు వేసింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో ఎస్ఎంబీ 1 రావడం ఆగిపోయింది. దాంతోపాటు ఆ పాత జాబితా కూడా పోయింది, చాలా ఇళ్లల్లో నెట్‌వర్క్ కిటికీ ఖాళీ అయింది. ఎస్ఎంబీ 1 ఆన్ చేస్తే పేర్లు కనబడతాయి అనే సలహా పుట్టింది అప్పుడే. ఇప్పుడు పేర్లు చూపించే పని వేరే పద్ధతి చేస్తోంది, మీకు కింద పేరు కనబడుతోంది కూడా. లేని జబ్బుకు మందెందుకు?

ఎప్పుడైనా కింద కూడా పేరు కనబడకపోతే డెస్క్‌టాప్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనేదాన్ని ఆటోమేటిక్‌లో పెట్టండి. డెస్క్‌టాప్ తానున్నానని చాటుకునేది దాని ద్వారానే. అయినా పేరు కనబడటం ఒక సౌకర్యం మాత్రమే. కనబడకపోయినా నంబరుతో తెరుచుకుంటే షేరింగ్ బాగున్నట్టే లెక్క.

ఫైర్‌వాల్ మాటెత్తకండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి కంప్యూటర్‌కు ఉన్న కాపలా కూడా తీసేస్తామా? అనుమానంగా ఉంటే డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అని ఉందో లేదో చూడండి, వైఫై అయితే వైఫై దగ్గర. పబ్లిక్ అని ఉంటే ఇంటి నెట్‌వర్క్‌ను బజారు నెట్‌వర్క్ అనుకుని తలుపులు బిగించుకుంటుంది. ల్యాప్‌టాప్‌లోనూ ఇంటి వైఫైకి ప్రైవేట్ అనే ఉండాలి, బయటి వైఫైలకు పబ్లిక్. విండోస్ ఫైర్‌వాల్ కాకుండా విడిగా యాంటీవైరస్ ఏదైనా వేసి ఉంటే దాని ఫైర్‌వాల్‌లో కూడా ఇదే ప్రశ్న ఉంటుంది.

ఇంకొకటి. ఒక సాయంత్రమంతా నేను ఇలాంటి తంటాతో కుస్తీ పట్టాను. అనుమతులు మూడుసార్లు సరిచూశాను, రౌటర్ రీస్టార్ట్ చేశాను, కేబుల్ మార్చాను. ప్రతిసారీ వెళ్లి చూస్తే డెస్క్‌టాప్ నిక్షేపంగా ఉండేది. వెనక్కి వచ్చి కాసేపయ్యాక మళ్లీ దారి దొరకలేదనేది. చివరికి తేలిందేమిటంటే, అది అరగంటకోసారి నిద్రపోతోంది. నేను వెళ్లి మౌస్ కదపగానే లేచి కూర్చునేది, ఎప్పుడూ మేలుకునే ఉన్నట్టు నాకు కనబడేది. మీ డెస్క్‌టాప్‌లో పవర్ అండ్ స్లీప్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని పెట్టండి, తెర ఆరిపోయేదాన్ని అలాగే ఉంచుకోవచ్చు. లేదంటే ఫోటోలు చూడాలనుకున్నప్పుడు ముందు డెస్క్‌టాప్‌ను లేపి రండి.

నంబరుతో వెళ్లే పద్ధతే మీకు నచ్చితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. రౌటర్ ఇచ్చే నంబరు ఎప్పుడైనా మారవచ్చు. కింది రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనేచోట డెస్క్‌టాప్‌కు ఒక నంబరు ఖాయం చేయించండి. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్‌కు మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ పెట్టుకుంటే ఫోటోలు ఒక డ్రైవ్‌లాగా కనబడతాయి, గీతలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

వేగం గురించి మీరు అడగలేదు గానీ మేడమీద తెరిచాక అడుగుతారు. డెస్క్‌టాప్ రౌటర్‌కు కేబుల్‌తోనే ఉంటే మేలు. రెండూ వైఫై మీదుంటే ప్రతి ఫోటో గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, అక్కణ్నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంకోసారి. కేబుల్ పెట్టినా సెకనుకు 11 మెగాబైట్లు దాటకపోతే కనెక్షన్ 100 మెగాబిట్ల దగ్గర ఆగిపోయినట్టు. గిగాబిట్ వేగానికి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక తీగ లోపల తెగినా పని ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. అందుకే ఎవరూ కేబుల్‌ను అనుమానించరు.

కింద, మేడమీద రెండుచోట్లా ఐపీకాన్ఫిగ్‌లో వచ్చిన నంబర్లను ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి. నేను చెప్పినవి చేశాక కూడా ఫోటోలు రాకపోతే ఆ నంబర్లు, తెరమీద వచ్చిన మాట, ఆ సమయంలో మీరు కింద ఉన్నారా మేడమీద ఉన్నారా అన్నది, ఈ మూడూ ఈసారి రాసినంత శ్రద్ధగా రాసి పంపండి.